గుమ్మం ముందు రెయిలింగు

పానాకు తొడిగిన ఇనప గొట్టం మీద జలంధర్ ఒంటి బరువంతా వేశాడు. బోల్టు కిర్రుమని ఒక్కసారి కదిలి బిగిసిపోయింది. దాని తల మీద సుద్దముక్కతో గీత గీసి, ఒకడుగు పక్కకు జరిగి, మరో బోల్టుకు పానా తగిలించాడు. ఎండ ఇంకా రేవు వీధిలోకి దిగలేదు. సముద్రం మీదినుంచి వచ్చిన మంచుకు రెయిలింగు పొడవునా చెమట పట్టినట్టు తడిగా ఉంది. చేతి తొడుగుల వేళ్లు చిరిగిపోయి ఆ చల్లదనం గోళ్లకు తగులుతోంది.

యాభై దాటిన మనిషి. పొట్టి. ఏళ్ల తరబడి పానా లాగడం వల్ల కుడి భుజం ఎడమదానికన్నా కాస్త కిందికి వాలి ఉంటుంది. మీసానికి శుక్రవారం శుక్రవారం రంగు వేస్తాడు. గడ్డాన్ని మాత్రం పట్టించుకోడు, అది తెల్లగా మాసి ఉంటుంది. కంపెనీ క్యాంపులో ఎవరైనా అతని గురించి చెప్పాల్సి వస్తే "మంచోడే, మాట్లాడడు" అంటారు. అంతకుమించి చెప్పడానికి ఎవరికీ ఏమీ తోచదు.

ఖతర్‌లో అల్ ఖోర్ దాటాక తీరం వెంట ఉన్న పాత ఊరు అది. ముత్యాల పడవల కాలంనాటి ఇళ్ల మధ్య ప్రతి చలికాలం కార్ల పందెం జరుగుతుంది. తారురోడ్డు పడిన కొత్తలో ఊరి యువకులు సరదాకు మొదలుపెట్టిన పందెం, పెరిగి పెరిగి దేశదేశాల కార్లు వచ్చేదాకా ఎదిగింది. వీధులు మాత్రం పెరగలేదు. పందెం రోజుల కోసం రోడ్డుకు రెండు పక్కలా ఇనప రెయిలింగు, దానిమీద జాలీ, మలుపుల్లో పాత టైర్ల కట్టలు పెట్టాలి. అయిపోగానే విప్పి యార్డుకు చేర్చాలి. జలంధర్ కంపెనీ పని అదే. మిగతా ఏడాదంతా యార్డులో ఆ పలకలకు తుప్పు గీకి రంగు వేస్తాడు.

ఈ పనిలోకి అతను కోరి వచ్చాడు. ఖతర్ వచ్చిన కొత్తలో దోహాలో టవర్ల మీద పనిచేసేవాడు. పరంజా మీద తన పక్కన నిలబడి బీడీ అడిగిన మనిషి, వెలిగించి ఇచ్చేలోగా పక్కన లేకుండా పోయాడు. అప్పటినుంచి జలంధర్ నిచ్చెన మూడో మెట్టు దాటి ఎక్కలేడు. భయమని ఎవరికీ చెప్పలేదు. నడుం నొప్పి అన్నాడు. నేల మీది పని ఇచ్చారు. ఇప్పుడు ప్రపంచ కప్పు కోసం ఎక్కడ చూసినా స్టేడియాలు లేస్తున్నాయి. క్యాంపులో అతని గదివాళ్లంతా బస్సెక్కి ఆ ఎత్తుల మీదికే పోతున్నారు. రేవు వీధిలో పందెం ఆగిపోతే రెయిలింగు ముఠాను కూడా అక్కడికే పంపుతారని యార్డులో ఇప్పటికే అనుకుంటున్నారు.

ఆ ఏడాది పందేనికి ముందే ఒక పరిశీలకుడు విదేశం నుంచి వచ్చాడు. ఇప్పటి కార్లకు ఈ పాత వీధులు సరిపోతాయా లేదా అన్నది ఆయన తేల్చాలి. ఆయన మొదట చేసిన పని, ఫక్రున్నీసా అనే ముసలామె ఇంటి ముందు రెయిలింగుకున్న గేటు తీయించడం.

ఆ ఇల్లు మలుపులో, ఒక సందు మొగదల ఉంది. ఇంటికి ఉన్నది ఒకటే గుమ్మం, అది వీధిలోకే. రెయిలింగు ఆ గుమ్మం ముందు నుంచి ఇంటి మూల గోడను రాసుకుంటూ పోతుంది. గోడకూ రెయిలింగుకూ మధ్య పిల్లి కూడా దూరలేదు. అందుకని అక్కడి పలకకు బందులు పెట్టి గేటులా చేశారు. కార్లు తిరగని వేళ తెరిస్తే ఆమె వీధిలోకి వచ్చి, మూల తిరిగి పక్క సందులోకి వెళ్లేది. ఇప్పటి కారు ఆ వేగంతో వచ్చి గేటు అంచుకు తగిలితే నిలువునా చీలిపోతుందన్నాడు పరిశీలకుడు. జలంధరే బందులు కోసేసి, మామూలు పలక పెట్టాడు; దాని బోల్టులు పందెం రోజుల్లో తెల్లవారి బిగించాలి. వీధిలో మిగతావాళ్లకు దోహాలోని ముషైరిబ్‌లో హోటల్ గదులిచ్చారు. ఫక్రున్నీసా వెళ్లలేదు. "హోటల్ల నాకు నిద్ర వట్టది. మూడు దినాలు ఇంట్లనే ఉంట, నాకేమైతది" అంది.

ఆమెది కోరుట్ల. అరబ్బుల ఇంట్లో వంటవాడైన భర్త వెంట వచ్చి, ఆ ఇంటివాళ్లు ఉండమని ఇచ్చిన ఈ ఇంట్లోనే ముసలిదైంది. భర్త పోయాక కొడుకు ఖాజాతో ఉంటోంది. చాలా ఏళ్ల కిందట జలంధర్ ఒక మొండి బోల్టును తెలుగులో తిడుతుంటే గుమ్మంలోంచి విని నవ్వి, "ఏ ఊరు తమ్మీ?" అని అడిగింది. మెట్‌పల్లి పక్కన అన్నాడు. ఆ మాటకే ఆమె కళ్లు తుడుచుకుంది. ఆనాటి నుంచి ప్రతి చలికాలం ఆ గేటులోంచి అతనికి చాయ్ అందేది.

ఆ పొద్దున జలంధర్ సందు మొగదలకి వచ్చేసరికి ఖాజా నీలం రంగు డ్యూటీ బట్టల్లో సందులో నిలబడి ఉన్నాడు. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో షిఫ్టు పని అతనిది. గుమ్మం ముందు పలక బిగించకముందే ఇంట్లోంచి బయటపడి బస్సు కోసం చూస్తున్నాడు.

"అన్నా, అమ్మకు రాత్రి నుంచి జర పానం మంచిగ లేదు. క్లినిక్‌కు పోదామంటే గ్యాసే అంటది. ప్లాంట్ల ఫోను లాకర్ల వెట్టాలె, ఊకె మాట్లాడనీకి రాదు. నువ్వు జర చూస్తుండు."

"నేనీడనే ఉంట. నువ్ పో" అన్నాడు జలంధర్.

బస్సు వచ్చింది. ఖాజా పరుగెత్తాడు.

కార్లు వదలడానికి ముందు ఇంజనీరు సత్యనారాయణమూర్తి ముఠానంతా సందులో నిలబెట్టి మాట్లాడాడు. ఆయనది కాకినాడ వైపు. ఎవర్నీ గట్టిగా అనే మనిషి కాడు. ఆ పూట మాత్రం ఒక్కో మాటా నొక్కి చెప్పాడు.

"చూడండయ్యా. ఇవాళ ఆ పరిశీలకుడు వాచీ పట్టుకుని కూర్చుంటాడు. మన రెయిలింగు వల్ల గానీ, వీధిలో వాళ్ల వల్ల గానీ కార్లు ఒక్కసారి ఆగినా, ఈ వీధి పనికిరాదని రాసేస్తాడు. ఎడారిలో కొత్త ట్రాకు ఎలాగూ ఉంది. ఇక మనం స్టేడియంలు ఎక్కడమే. జాగ్రత్త. యల్లా, పదండి."

జలంధర్ తన చోటుకు వెళ్లాడు. సందు మొగదల, రెయిలింగు వెనక, పానాల పెట్టె పక్కన. అక్కడినుంచి ఫక్రున్నీసా ఇంటి పక్క కిటికీ అందుతుంది. దానికి ఇనప చువ్వలున్నాయి. గుమ్మం కనపడదు.

కార్లు వచ్చాయి. ముందు చెవులకు కాదు, పాదాలకు తెలిసింది. తర్వాత గోడలు అదిరి సున్నం పొడి రాలింది. మలుపులో ఒక్కో కారు ఆ గోడకూ ఈ గోడకూ మధ్య కూరుకుపోయినట్టు నిలిచి, అంతలోనే లేకుండా పోతోంది. వెనకది ముందుదాన్ని దాటడానికి చోటు లేదు. వరసకట్టి ఊరేగింపులా, కాని కంటికి ఆనని వేగంతో తిరుగుతున్నాయి.

కాసేపటికి కిటికీ చువ్వల మీద ఏదో మోగింది. ఫక్రున్నీసా చేతి గాజు. కార్ల చప్పుడు కాస్త తగ్గినప్పుడు మాట్లాడింది.

"తమ్మీ, ఛాతీల వట్టినట్టున్నది. చెమటలు వోస్తున్నయి. క్లినిక్ దాక నడిచి పోత. జర ఆ పలక తీస్తవా?"

మొహం బూడిద రంగులో ఉంది. పై పెదవి మీద చెమట మెరుస్తోంది. అప్పటికే బయటికి పోవడానికి బురఖా వేసుకుని, చేతికర్ర పట్టుకుని ఉంది.

"అంబులెన్సుకు ఫోన్ జేద్దామా అమ్మా?"

"వద్దు వద్దు. గ్యాసే ఉంటది. ఊరంత చూస్తది. నువ్వు పలక తియ్యి, చాలు."

"అడిగొస్త" అన్నాడు జలంధర్.

పానా కింద పెట్టి సందు చివరికి నడిచాడు. అక్కడ గుడారం కింద పరిశీలకుడు, మూర్తి, పందెం నడిపే క్లబ్బు పెద్దమనిషి కూర్చుని ఉన్నారు. ఆ పెద్దమనిషి వయసులో ఉండగా ఇదే వీధిలో కారు తోలినవాడు. ఇప్పుడు చేతిలో జపమాలతో, తెల్లటి దుస్తుల్లో, మోకాలు చాపుకుని కూర్చున్నాడు. ఆయన అరబ్బీ, పరిశీలకుడి ఇంగ్లీషు, మధ్యలో మూర్తి హిందీ, అందరికీ అర్థమయ్యేలా సాగుతోంది మాట. కార్లు పొడుగయ్యాయి, వెడల్పయ్యాయి, వీధి అలాగే ఉంది, ఒకదాన్నొకటి దాటని పందెం పందెమే కాదంటున్నాడు పరిశీలకుడు. ఎడారిలో ఎవరైనా తోలతారు, గోడకు జానెడు దూరంలో తోలినప్పుడే మనిషెవడో తెలుస్తుందంటున్నాడు పెద్దమనిషి. అంతలో నవ్వి, మా రోజుల్లో ఎవరింటి తలుపైనా తెరుచుకుంటే కారు ఆపేవాళ్లం, వాళ్లు దాటాకే కదిలేవాళ్లం అన్నాడు. పరిశీలకుడు కూడా నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఇప్పటి కారు అలా ఆగదు, ఆపాలంటే మొత్తం పందెమే ఆపాలన్నాడు.

జలంధర్ గుడారం అంచున నిలబడ్డాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మూర్తి తల తిప్పి చూశాడు.

"ఏంటి జలంధర్?"

నోట్లో మాట సిద్ధంగానే ఉంది. మూర్తి మొహం చూశాడు. పరిశీలకుడి ముందు బల్ల మీదున్న వాచీ చూశాడు. ఎందుకో స్టేడియం పైకప్పు ఇనప దూలాలు కళ్ల ముందు మెదిలాయి. వాటి మీద నడుస్తున్న మనుషులు కింది నుంచి చూస్తే చీమల్లా ఉంటారు.

"ఏం లేదు సార్. బోల్టులన్ని చూసిన. మంచిగున్నయి."

"గుడ్. వెళ్లు, అక్కడే ఉండు" అన్నాడు మూర్తి.

వెనక్కి నడుస్తుంటే దారి పొడుగైనట్టనిపించింది. ఇంకొకసారి పోయి చెబుదామని రెండుసార్లు ఆగాడు. ఇంకెంత, గంటలోపే అయిపోతుంది అనుకున్నాడు. ముసలామె కూడా గ్యాసే అంటోంది కదా అనుకున్నాడు. కిటికీ దగ్గర ఆమె చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది.

"అడిగినవా తమ్మీ?"

"అడిగిన అమ్మా. గంట ఆగుమన్నరు. కార్లు ఆగంగనె తీస్త."

"మంచిగ. నువ్ అడిగినవ్ గదా, గదే చాలు. అల్లా నిన్ను సల్లగ చూడాలె" అంది. "గుమ్మంల కుర్చీ ఏసుకొని కూసుంట. తీయంగనె పోత."

ఆ అబద్ధం జలంధర్ నోట చాలా సులువుగా వచ్చింది. అది కొత్త మాట కాదు. ఊళ్లో తల్లి చనిపోయినప్పుడు భార్య బాలవ్వ ఫోన్ చేసి సెలవు అడిగినవా అంటే ఇదే గొంతుతో, "అడిగిన. సెలవు లేదన్నరు" అన్నాడు. అప్పుడూ ఆఫీసు గది బయట టోపీ పట్టుకుని నిలబడి తిరిగొచ్చాడు. అడిగితే లేదంటారేమోనన్న భయం కాదది. పెద్దవాళ్ల ముందు తన పేరు ఒక అడ్డంకిలా వినపడుతుందన్న భయం. తల్లికి తలకొరివి పెట్టింది చిన్నాన్న కొడుకు. "కంపెనోల్లు రాక్షసులు" అని బాలవ్వ ఈనాటికీ ఊళ్లో చెబుతుంది. ఊళ్లోవాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే; ఆ దుబాయ్‌లో నా మొగనికి సోపతి ఎవరూ లేరని బీడీలు చుడుతూ జాలిపడుతుంది. జలంధర్ ఆమెకు ఎన్నడూ నిజం చెప్పలేదు.

కార్లు తిరుగుతూనే ఉన్నాయి. రెండుసార్లు కిటికీ దగ్గరికి వెళ్లి "అమ్మా" అని పిలిచాడు. మొదటిసారి "ఉన్న తమ్మీ" అని గుమ్మం వైపు నుంచి వినపడింది. రెండోసారి కార్ల చప్పుడులో ఏమీ వినపడలేదు. వినపడకపోవడం చప్పుడు వల్లేనని తనకు తాను చెప్పుకున్నాడు.

సైరన్ మోగింది. చివరి కారు పోయి, మలుపులో కాలిన రబ్బరు వాసన మిగిలింది. జలంధర్ పానా పట్టుకుని రెయిలింగు దాటి వీధిలోకి ఉరికాడు. మొదటి బోల్టు కదల్లేదు. తెల్లవారి తానే బిగించాడు. గొట్టం తొడిగి వేలాడితే అది వదిలింది. రెండోది. మూడోది. నేపాలీ ముఠావాళ్లిద్దరు వచ్చి పలకను పక్కకు లాగారు.

ఫక్రున్నీసా గుమ్మంలో కుర్చీలో కూర్చుని ఉంది. తల తలుపు చెక్కకు ఆని ఉంది. కాళ్లకు చెప్పులున్నాయి. ఒళ్లో చేతిసంచి, దానిమీద రెండు చేతులూ. జలంధర్ మోకాళ్ల మీద కూర్చుని చేయి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. రెయిలింగుకు పట్టిన తెల్లవారి తడిలా ఉంది.

డాక్టరు వచ్చాడు. కాసేపు వంగి చూసి, లేచి, వాచీ చూసుకున్నాడు. మూర్తి ఆయాసపడుతూ వచ్చి గుమ్మం ముందు ఆగిపోయాడు.

"ఎప్పటినుంచి ఈవిడకి బాగాలేదు?"

జలంధర్ తను పట్టుకున్న చేతిని మెల్లగా ఆమె ఒళ్లో పెట్టాడు.

"ఒక్కమాట చెబితే ఎర్రజెండా వేయించేవాణ్ణి కదయ్యా. వీధి పోతే పోయింది. మనిషి కదా" అన్నాడు మూర్తి మెల్లగా. అది తిట్టులా లేదు. అలా లేకపోవడమే జలంధర్‌కు భరించరానిదైంది.

ఖాజా మధ్యాహ్నం దాటాక కంపెనీ కారులో వచ్చాడు. తల్లి పాదాల దగ్గర కూర్చుని చాలాసేపు లేవలేదు. పలకరించడానికి వచ్చిన క్లబ్బు పెద్దమనిషి, మూర్తి గోడవారన నిలబడ్డారు. జలంధర్ తలుపు దగ్గర ఉన్నాడు. ఖాజా లేచి నేరుగా మూర్తి ముందుకు వచ్చాడు.

"చాయ్ టైముల ఫోను తీసి అమ్మతోని మాట్లాడిన. జలంధరన్న పోయి అడిగిండట, గంట ఆగుమన్నరట, కూసున్న అన్నది. నేను గూడ సరే అన్న. గంటనే గదా అనుకున్న." ఇంకో అడుగు ముందుకు వేశాడు. "ఆయన వచ్చి అడిగితె గూడ మీకు దయ రాలేదా సార్? ఒక్క పలక. మీ అమ్మయితె తీయకపోదురా?"

మూర్తి నోరు తెరిచాడు. కళ్లు జలంధర్ వైపు తిరిగాయి. ఆ చూపులో కోపం లేదు, ప్రశ్న మాత్రం ఉంది. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు జలంధర్. ఒక్క మాట. నేను అడగలే. చూపు దించి తన చేతుల్లో ఉన్న టోపీ వైపు చూశాడు.

మూర్తి కొంతసేపు ఎదురుచూశాడు. తర్వాత ఖాజా వైపు తిరిగాడు.

"తప్పు నాదే బాబూ" అన్నాడు. "గేటు తీయించింది నేనే. క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

ఖాజా వచ్చి జలంధర్ భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వయిన ఆఖరి టైముల దగ్గరున్నవు అన్నా. గది చాలు నాకు." వంటింట్లోంచి ఎవరో తెచ్చిన చాయ్ కప్పు తీసుకుని తన చేత్తో అతనికిచ్చాడు. జలంధర్ తాగాడు. తాగకుండా ఉండటానికి కూడా ధైర్యం కావాలని అప్పుడే తెలిసింది అతనికి. సాయంత్రం ఆమెను మోసుకుపోయే జనాజాకు భుజం పట్టాడు. వాలిన కుడి భుజం మీద ఆ బరువు ఏమీ అనిపించలేదు.

పందెం ఆగలేదు. మిగతా రెండు రోజులూ కార్లు తిరిగాయి. ఆ గుమ్మం ముందు పలక మళ్లీ బిగించమంటే వేరేవాళ్లు బిగించారు. వీధి ఇరుకే అయినా ఇంకో రెండేళ్లు నడపవచ్చని, రెయిలింగు పనితనం బాగుందని పరిశీలకుడు తేల్చి వెళ్లాడు. యార్డులో ముఠాకు బిర్యానీ పెట్టారు. జలంధర్ పళ్లెం పట్టుకుని ఒక మూల కూర్చుని, ఎవరూ చూడకుండా దాన్ని కుక్కలకు వేశాడు.

మర్నాడు మూర్తి గదికి వెళ్లాడు. తలుపు తట్టి, రమ్మనకముందే లోపలికి వెళ్లాడు.

"సార్, నన్ను స్టేడియం పనికి పంపుండ్రి."

మూర్తి తల ఎత్తాడు. "పందెం ఉంది కదయ్యా ఇంకా. నీకు ఎత్తంటే పడదు. నాకు తెలీదనుకున్నావా, నడుం నొప్పి మాట?"

"తెలుసా సార్?"

"తెలుసు."

జలంధర్ గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. "ఆ దినం ఖాజా ముంగట మీరెందుకు గట్లన్నరు సార్?"

మూర్తి కలానికి మూత పెట్టాడు. "నువ్వంటావని చూశాను" అన్నాడు. "అనలేదు. ఎవరో ఒకరు అనాలి కదా."

స్టేడియం పనికి బదిలీ అయింది.

పోయే ముందు రేవు వీధిలో రెయిలింగు విప్పే పని మిగిలింది. ఫక్రున్నీసా ఇంటి దగ్గరికి వచ్చేసరికి జలంధర్ ముఠావాళ్లను ముందుకు పంపి ఒక్కడే ఆగాడు. ఖాజాకు చెప్పాల్సిన మాటను తెల్లవారి నుంచి మనసులో పేర్చుకుంటూ వచ్చాడు. జాలీ సందుల్లోంచి చూస్తే తలుపుకు తాళం కనిపించింది. సందులో చేపలు శుభ్రం చేస్తున్న మనిషిని అడిగితే, ఖాజా ఇల్లు అప్పగించి రాస్ లఫాన్ క్యాంపుకు పోయాడని, ఈ ఊరు ఇక రానన్నాడని చెప్పాడు.

జలంధర్ వచ్చి బోల్టులు విప్పాడు. ఈసారి అవి తేలిగ్గానే వచ్చాయి. బరువైన పలకను ఛాతీకి ఆనించుకుని వీధివైపు జరిపాడు. లోపలివైపు ఇనప స్తంభానికి, కుర్చీలో కూర్చున్న మనిషి చేయి చాపితే అందే ఎత్తులో, పలక తీయగానే అందుకుని లేద్దామని తగిలించుకున్న ఫక్రున్నీసా చేతికర్ర ఎవరూ తీయక అలాగే ఉంది, సముద్రపు గాలికి మెల్లగా ఊగుతూ.